వించెస్టర్ మిస్టరీ హౌస్ కథలో దెయ్యమెంత, నిజమెంత?

బేఏరియా_బాబాయ్
కాలిఫోర్నియాలో శాంటానా రో షాపింగ్ వీధి ఎదురుగా ఉన్న ఈ ఇల్లు చూడని తెలుగువాళ్ళు శాన్‌హోజే చుట్టుపక్కల తక్కువే. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు గోల్డెన్ గేట్, తర్వాత ఇదే. గైడు చెప్పే కథ మీకందరికీ తెలిసే ఉంటుంది. సారా వించెస్టర్ అనే ఆవిడ తుపాకుల కంపెనీ వారి కోడలు. పసిబిడ్డ పోయింది, భర్త పోయాడు. బోస్టన్‌లో ఆత్మలతో మాట్లాడే ఒకాయన దగ్గరికి వెళ్తే, మీ రైఫిళ్ళకు బలైనవాళ్ళంతా నీ వెంట పడ్డారు, పడమటికి పోయి వాళ్ళకో ఇల్లు కట్టు, సుత్తి చప్పుడు ఆగిన రోజు నీ ప్రాణం పోతుంది అన్నాడట. అప్పటి నుంచి 38 ఏళ్ళు, రాత్రీ పగలూ పని ఆగలేదట. 160 గదులు, పదివేల కిటికీలు.
ఇందులో నిజమెంత? ఎవరైనా చదివినవాళ్ళు చెప్పండి. యూట్యూబ్ లింకులు మాత్రం వద్దు, అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టినవే.

నిద్రపట్టని_నాగు
నిప్పు లేనిదే పొగ రాదు బాబాయ్. పైకి ఎక్కితే కప్పుకు తగిలి ఆగిపోయే మెట్లు చూశారా? రెండో అంతస్తులో తలుపు తీస్తే గాల్లోకి అడుగు పెట్టడమే. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా అలా కడతారా? దెయ్యాలను దారి తప్పించడానికే అని గైడు చెప్పాడు. దానికి తోడు ఎక్కడ చూసినా 13. కిటికీకి 13 అద్దాలు, గోడకు 13 కొక్కేలు, బాత్రూమ్‌లు 13. ఇవన్నీ కాకతాళీయం అంటే నేను నమ్మను.

గచ్చిబౌలి_గోపి
ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనవాళ్ళు. ఈవిడ మొదటిది కాస్త ఎక్కువ చూసినట్టుంది 😄

పాతకాగితాలు
బాబాయ్ గారూ, ఈ కథ మీద కాగితాల ఆధారంతో పనిచేసింది మేరీ జో ఇగ్నోఫో అనే చరిత్రకారిణి. ఆమె రాసిన సారా జీవితచరిత్ర 2010లో వచ్చింది. ఉత్తరాలు, లాయర్ దగ్గరి కాగితాలు, భూముల రిజిస్ట్రేషన్లు, పాత పత్రికలు అన్నీ తిరగేసింది. దాన్ని పక్కన పెట్టుకుని చూస్తే గైడు కథలో నిలబడేది బిడ్డ పోవడం, భర్త పోవడం. ఆ రెండూ నిజం. మిగతావి ఒక్కొక్కటే జారిపోతాయి.

ముందు నిజమైన దుఃఖం సంగతి. 1862లో విలియం వించెస్టర్‌తో పెళ్ళి. 1866లో పుట్టిన పాప కొద్ది వారాలకే పోయింది, మళ్ళీ పిల్లలు లేరు. 1880 వసంతంలో తల్లి, ఆ డిసెంబరులో మామగారు, 1881 మార్చిలో క్షయతో భర్త. పది నెలల్లో మూడు చావులు. ఈ మనిషి కుంగిపోయింది అంటే ఎవరూ కాదనరు.

ఇక బోస్టన్ ఆయన. ఆమె అలాంటి ఒకాయన్ని కలిసిందనడానికి ఆ కాలపు కాగితం ఒక్కటి లేదు. ఉత్తరం లేదు, డైరీ లేదు, పత్రికలో ముక్క లేదు. ఆయన పేరుతో సహా కథ అచ్చులో కనబడేది ఆమె పోయిన ఎన్నో దశాబ్దాల తర్వాత.

కాలిఫోర్నియాకు ఎందుకొచ్చింది అంటే కీళ్ళవాతం. కనెక్టికట్ చలి పడక, డాక్టర్లు పొడి గాలి, ఎండ ఉన్న చోటికి పొమ్మన్నారు. ఒంటరిగా పారిపోయి వచ్చింది అని కూడా అంటారు కదా, అదీ నిజం కాదు. చెల్లెలి కుటుంబం కూడా ఇక్కడికే వచ్చింది. వాళ్ళ కోసం ఇప్పటి లాస్ ఆల్టోస్‌లో తోట, ఇల్లు కొని పెట్టింది. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. దాని మీద మాత్రం ఒక్క దెయ్యం కథా లేదు, టికెట్టూ లేదు.

38 ఏళ్ళ లెక్క చూడండి. 1884లో మొదలు, 1922లో ఆమె చావుతో ముగింపు అంటారు. శాన్‌హోజేలో ఎనిమిది గదుల ఆ రైతు ఇల్లు ఆమె కొన్నదే 1886లో. కొనని ఇంటికి రెండేళ్ళ ముందు నుంచీ సుత్తులు ఎలా మోగాయో గైడుని అడగాలి.

నిద్రపట్టని_నాగు
రెండేళ్ళు అటూ ఇటూ అయితే ఏమైంది సార్? 24 గంటలూ కట్టింది కదా.

పాతకాగితాలు
అదీ లేదు నాగు గారూ. 1898లో ఆడపడుచు జెనీకి రాసిన ఉత్తరంలో, బాగా అలసిపోయానని, చలికాలం కాస్త విశ్రాంతి తీసుకోవాలని పనివాళ్ళందరినీ పంపేశానని ఆమే రాసుకుంది. వేసవి వేడికి కూడా పని ఆపించేది. చప్పుడు ఆగితే చస్తానని నమ్మే మనిషి, అలసిపోయానని పనివాళ్ళను పంపేస్తుందా?

సివిల్_సత్తి
నేను కట్టడాల పని చేసేవాణ్ణి కాబట్టి మెట్లు, తలుపుల సంగతి నేను చెప్తాను.

1906 ఏప్రిల్ 18, తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలు. శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం. తీవ్రత 7.9 దాకా ఉంటుందని అంచనా. శాన్‌హోజే కూడా గట్టిగానే దెబ్బతిన్నది. అప్పటికి ఈ ఇంటికి ఏడంతస్తుల టవర్ ఉండేది. అది కూలింది, పై అంతస్తులు చాలా పోయాయి. ఇప్పుడు మనం చూసేది నాలుగు అంతస్తుల ఇల్లు. భూకంపానికి ముందు తీసిన ఫొటోలు ఉన్నాయి, ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. కొంప సగం లేదు.

ఇప్పుడు ఆలోచించండి. పైన మూడంతస్తులు తీసేస్తే, వాటికి వెళ్ళే మెట్లు ఏమవుతాయి? కప్పుకు తగిలి ఆగుతాయి. ముందున్న బాల్కనీ కూలిపోతే, బాల్కనీకి తెరుచుకునే తలుపు ఏమవుతుంది? గాల్లోకి తెరుచుకుంటుంది. ఆమె కూలినదాన్ని మళ్ళీ కట్టలేదు. శిథిలాలు తీయించి, ప్రమాదం లేకుండా మూయించి, ఊరుకుంది. పనివాళ్ళు తలుపు పీకి గోడ కట్టకుండా వదిలేశారు, అంతే.

ఇంకోటి, ప్లాను ముందే గీసుకుని కట్టిన ఇల్లు కాదిది. మొదట ఆర్కిటెక్టులను పెట్టుకుంది, వాళ్ళతో కుదరక తనే గీయడం మొదలుపెట్టింది. ఒక గది వేయడం, నచ్చకపోతే పీకేయడం, పక్కన ఇంకోటి అతికించడం. అలా అతికించుకుంటూ పోతే బయటి కిటికీ లోపలి కిటికీ అవుతుంది, వరండా గది అవుతుంది. మన ఊళ్ళలో అన్నదమ్ములు పంచుకుని ఎవరికి తోచినట్టు వాళ్ళు పొడిగించిన పాత పెంకుటింట్లోకి వెళ్ళి చూడండి, దారి తెలియక తిరుగుతారు. అక్కడ దెయ్యం ఉందని ఎవరూ టికెట్ పెట్టలేదు.

డాక్టరమ్మ_ఫ్రీమాంట్
సత్తి గారు చెప్పని మెట్లు ఇంకొన్ని ఉన్నాయి. అటు తిరిగి ఇటు తిరిగి ఏడు మలుపులతో పైకి పోయే మెట్లు. 44 మెట్లు ఎక్కినా పట్టుమని పదడుగుల ఎత్తు రాదు. ఒక్కో మెట్టు రెండంగుళాలు. దెయ్యాలను తికమక పెట్టడానికని చెప్తారు. మోకాళ్ళు అరిగిపోయిన మా పేషెంట్లను అడిగితే ఆ మెట్లు ఎందుకో ఒక్క క్షణంలో చెప్తారు. కీళ్ళవాతం ముదిరి కాలు ఎత్తలేని మనిషి తన కోసం కట్టించుకున్న మెట్లవి. అదే కారణంతో తర్వాత లిఫ్టులు కూడా పెట్టించింది. అప్పట్లో సొంత ఇంట్లో లిఫ్టు అంటే మామూలు విషయం కాదు.

మొక్కలు పెంచే గది చూశారా ఎవరైనా? నాకు ఆ ఇంట్లో అన్నిటికన్నా నచ్చింది అదే. నేల చెక్కలు పైకి తీస్తే కింద వాలుగా ఉంటుంది. కుండీలకు పోసిన నీళ్ళు ఒలికితే ఆ వాలు మీదుగా పైపుల్లోకి పోయి కింద తోటకు అందుతాయి. ఇది కట్టించింది మతి తప్పిన మనిషి అంటే నేను ఒప్పుకోను.

ఈశాన్యం_ఈశ్వర్
ఎవరూ వాస్తు మాట ఎత్తరేం? నైరుతి పెంచుకుంటూ పోతే ఇంటి ఇల్లాలికి...

గచ్చిబౌలి_గోపి
ఈశ్వర్ గారూ, నైరుతి ఎటో తెలుసుకోవాలన్నా ఆ ఇంట్లో గైడు కావాలి.

కూచిపూడి_క్యుపర్టినో
ఆమె గురించి ఒక్కటే అర్థం కాదు. ఇంత కథ అల్లుతుంటే బతికుండగా ఆమె ఎందుకు కాదనలేదు? లేక ఇదంతా చనిపోయాక పుట్టిన కథేనా?

పాతకాగితాలు
మంచి ప్రశ్న. కథకు రెండు పొరలు ఉన్నాయి.

మొదటి పొర ఆమె బతికుండగానే పుట్టింది. 1895 నాటికే శాన్‌హోజే పత్రిక ఒకటి, ఇల్లు పూర్తయితే చచ్చిపోతానని ఈవిడ నమ్ముతోందట అని రాసేసింది. గమనించండి, అందులో రైఫిల్ దెయ్యాలు లేవు, బోస్టన్ లేదు. కేవలం ఊరి గుసగుస. కారణం ఊహించడం కష్టం కాదు. డబ్బున్న విధవరాలు, ఎవరింటికీ పోదు, ఎవర్నీ రానివ్వదు, పళ్ళు ఊడి కీళ్ళు వంకర పోయి నలుగురిలోకి రావడానికి సిగ్గుపడింది. ఇంటి చుట్టూ ఎత్తుగా పొద పెంచింది. మగదిక్కు లేకుండా మేస్త్రీలకు తనే పని పురమాయిస్తుంది. అలాంటి మనిషి గురించి ఊరు ఊరుకుంటుందా? చిలవలు పలవలు అల్లింది. ఆమె ఒక్క ఇంటర్వ్యూ ఇవ్వలేదు, ఒక్క ఖండన రాయలేదు.

ఆత్మలతో మాట్లాడేది అన్న మాట కూడా అంతే. ఏళ్ళ తరబడి ఆమెతో ఉన్న తోడు మనిషి, ఆమె వ్యవహారాలు చూసిన లాయరు, ఇద్దరూ అలాంటిదేమీ లేదన్నారు. బుర్ర చాలా చురుకు, లెక్కల్లో గట్టి మనిషి అని లాయరు మాట. ఉత్తరాల నిండా ఉన్నవి కూడా భూముల ధరలు, ఆప్రికాట్ పంట, పైపుల రిపేర్లు, ఒంట్లో నలత. ఆత్మల ఊసు లేదు.

రెండో పొర టికెట్లది.

బేఏరియా_బాబాయ్
ఆ రెండోది చెప్పండి. అదే నాకు కావాల్సింది.

పాతకాగితాలు
1922 సెప్టెంబరు 5న ఆమె పోయింది. వీలునామాలో ఈ ఇంటి ప్రస్తావనే లేదు. సామాను చెల్లెలి కూతురికి. ఆమె తనకు కావాల్సింది ఉంచుకుని మిగతాది అమ్మేసింది. భూకంపం దెబ్బ, అరకొర రిపేరు, ఎవరికీ పనికిరాని ప్లాను. లెక్క కట్టినవాళ్ళు ఇంటికి విలువే లేదన్నారు. అప్పుడు దాన్ని లీజుకు తీసుకున్నది జాన్ బ్రౌన్, మేమీ బ్రౌన్ అనే దంపతులు. బ్రౌన్ గారు అంతకుముందు చేసింది వినోదాల పార్కుల వ్యాపారం. కెనడాలో ఒక రోలర్ కోస్టర్ కూడా ఆయన చేతి పనే. ఆమె పోయి ఏడాది కూడా తిరగకుండా, 1923 వేసవిలో ఇల్లు జనానికి తెరిచారు. 1924లో ఇంద్రజాలికుడు హౌడినీ వచ్చి చూసి వెళ్ళాడు. ఆత్మల పేరుతో మోసం చేసేవాళ్ళను బయటపెట్టడమే అప్పట్లో ఆయన పని. ఆయన రావడం కూడా ఇంటికి పబ్లిసిటీ అయింది, అది వేరే సంగతి.

ఖాళీ గదులు, సగం కూలిన ఇల్లు చూపించి డబ్బు తీసుకోవాలంటే కథ కావాలి. ఊరి గుసగుస చేతిలో ఉంది. దానికి రైఫిళ్ళు, పగబట్టిన ఆత్మలు, రోజూ రాత్రి ఆత్మలతో సమావేశాలు, 13 అంకె కలిపారు. నాగు గారూ, మీ 13 సంగతి కూడా ఇక్కడే వస్తుంది. అందులో కొన్ని ఆమె పోయాక చేర్చినవే అని ఆ ఇంట్లో పనిచేసినవాళ్ళ మాటలను బట్టి ఇగ్నోఫో రాసింది. అయినా వందల కిటికీలున్న ఇంట్లో 13 కోసం వెతికితే 13 దొరుకుతుంది, 11 కోసం వెతికితే 11 దొరుకుతుంది.

నిద్రపట్టని_నాగు
సరే, అన్నీ టికెట్ల కోసమే అందాం. కానీ ఆ తుపాకుల వల్ల ఎంతమంది చచ్చారో లెక్క ఉందా? ఆ డబ్బు తింటూ నిద్ర ఎలా పడుతుంది? దెయ్యాలు లేకపోయినా ఆమెకు ఆ పాపభీతి ఉండి ఉంటుందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. గైడు ఆ మాట చెప్పినప్పుడు ఒళ్ళు జలదరించింది.

రాయలసీమ_రచ్చబండ
నాగన్నా, నాకు మొదటి నుంచీ మండేది సరిగ్గా ఇక్కడే.

వించెస్టర్ కంపెనీ పెట్టింది ఆమె మామ ఆలివర్. ముందు చొక్కాలు కుట్టించి అమ్మి డబ్బు చేసుకున్నాడు, ఆ డబ్బు తుపాకుల్లో పెట్టాడు. 1866లో కంపెనీకి తన పేరు పెట్టుకున్నాడు. ఆయన, ఆ తర్వాత భర్త పోయాక కంపెనీ నడిపింది ఎవరు? 1890 దాకా సారా సోదరి భర్త విలియం కాన్వర్స్. ఆ తర్వాత ఆడపడుచు జెనీ భర్త థామస్ బెన్నెట్. ఆర్డర్లు తెచ్చింది వాళ్ళు, కొత్త మోడళ్ళు చేయించింది వాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కంపెనీ రష్యాకు, బ్రిటన్‌కు లక్షల్లో రైఫిళ్ళు చేసి పంపింది. సారా ఫ్యాక్టరీ నడిపిన మనిషి కాదు. షేర్లున్నాయి, డివిడెండ్ వచ్చింది. భర్త పోయినప్పుడు ఆమె పేరిట వచ్చిన షేర్లు 777. రోజుకు వెయ్యి డాలర్లు వచ్చేవి అని టూరులో చెప్పే లెక్కకూ దానికీ పొంతన లేదు.

మరి ఆ ఆత్మలు న్యూ హేవెన్‌లో ఫ్యాక్టరీ పక్కనే ఉన్న మగవాళ్ళను వదిలేసి, మూడువేల మైళ్ళు ప్రయాణం చేసి, కీళ్ళనొప్పులతో బాధపడుతున్న విధవరాలినే ఎందుకు పట్టుకున్నాయి? బెన్నెట్ ఇంట్లో ఒక్క తలుపూ కిర్రుమనలేదా? తుపాకులు చేసినవాళ్ళు వ్యాపారవేత్తలు, డివిడెండ్ తీసుకున్న ఆడమనిషి మాత్రం పిచ్చిది. ఈ కథ చెప్పేవాళ్ళకు ఇందులో ఏ తేడా కనబడదు.

కూచిపూడి_క్యుపర్టినో
రచ్చబండ గారితో సగం ఒప్పుకుంటాను. కానీ ఇంకో వైపు కూడా ఉంది. ఆ రైఫిళ్ళతో పోయిన స్థానిక అమెరికన్ల గురించి సగటు టూరిస్టు వినేది ఆ ఒక్క గంటలోనే. కథ అబద్ధమైనా, ఆ చావులను ఎవరో ఒకరు తలుచుకుంటున్నారు కదా.

రాయలసీమ_రచ్చబండ
తలుచుకోవడం అంటే అదేనా అమ్మా? వాళ్ళది ఏ తెగ, ఏ ఊరు, ఎందుకు చంపారు అని ఒక్క ముక్క చెప్పారా? సామూహికంగా దెయ్యాలను చేసి, ఒక ముసలావిడను భయపెట్టే ఉద్యోగం ఇచ్చారు. దాన్ని తలుచుకోవడం అంటే నేను ఒప్పుకోను.

కూచిపూడి_క్యుపర్టినో
మీరన్నది ఆలోచించాల్సిన మాటే. అయినా ఏమీ చెప్పకపోవడం కన్నా నయం అనే అంటాను.

మోడరేటర్_మణి
చర్చ బాగుంది, ఇలాగే మర్యాదగా సాగనివ్వండి. ఈశ్వర్ గారూ, మీ వాస్తు పోస్టులు నాలుగు వేరే చర్చకు మార్చాను.

సివిల్_సత్తి
ఒక సందేహం. పాతకాగితాలు గారూ, భూకంపం తర్వాత ఆమె అసలు ఈ ఇంట్లో ఉందా? రిపేర్లు చూస్తే నివాసానికి చేసినట్టు లేవు.

పాతకాగితాలు
మీ కంటికి సరిగ్గానే పడింది. 1906 తర్వాత ఎక్కువ కాలం ఆథర్టన్ వైపు ఇంట్లోనే ఉంది. బర్లింగేమ్ దగ్గర నీళ్ళ మీద తేలే ఇల్లు కూడా ఒకటి ఉండేది. శాన్‌హోజే ఇంట్లో పెద్ద పని అప్పుడే దాదాపు ఆగిపోయింది. అంటే చప్పుడు ఆగాక కూడా పదహారేళ్ళు బతికింది. కథ ప్రకారం ఎప్పుడో పోవాల్సింది.

డాక్టరమ్మ_ఫ్రీమాంట్
డబ్బు ఏం చేసింది అన్నది ఎవరూ అడగలేదు. భర్త పోయింది క్షయతో కదా. ఆయన పేరు మీద కనెక్టికట్‌లో క్షయ రోగులకు ఆసుపత్రి కట్టడానికి పది లక్షల డాలర్లకు పైనే ఇచ్చింది, అదీ ఆ రోజుల్లో. ఆసుపత్రి 1918లో వెస్ట్ హేవెన్‌లో మొదలైంది, మొదట యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు వాడారు. ఇప్పుడు ఆ స్థలంలో మాజీ సైనికుల ఆసుపత్రి ఉంది. యేల్‌లో ఊపిరితిత్తుల జబ్బులు చూసే విభాగానికి వించెస్టర్ పేరు ఇంకా ఉంది. పాపభీతి అంటే రైఫిళ్ళ బాధితులకు ఏదైనా చేసేది. ఆమె ఇచ్చింది మొగుడిని చంపిన జబ్బు మీద.

నిద్రపట్టని_నాగు
ఈ ఆసుపత్రి సంగతి టూరులో వినలేదే!

బేఏరియా_బాబాయ్
నేనూ వినలేదు. శుక్రవారం 13వ తేదీ వస్తే రాత్రి టార్చిలైటు టూరు అని మాత్రం నాలుగైదు మెయిళ్ళు పంపుతారు.

గచ్చిబౌలి_గోపి
ఆ రాత్రి టూరు టికెట్ ఎంతో ఎవరైనా చెప్పండి. నిజం తెలిశాక కూడా చూడాలనే ఉంది.

సివిల్_సత్తి
గోపీ, పగటి టూరుకు వెళ్ళు. రాత్రి పూట ఆ మొక్కల గది నేల కింద వాలు కనబడదు.